నేను లెక్కలు వేసిపెట్టే మనిషినేనా?

ప్రశ్న: గణాంకశాస్త్రంలో ఎం.ఎస్సీ. చేసి రెండేళ్లుగా ఒక పరిశోధన సంస్థలో పనిచేస్తున్నాను. జీవశాస్త్రవేత్తలు, వైద్యులు, నేలల మీద పరిశోధన చేసేవారు ప్రయోగమంతా పూర్తయ్యాక ఫైలు పట్టుకొని నా దగ్గరికి వస్తారు. ‘పి-విలువ 0.05 కంటే తక్కువ వచ్చే పరీక్ష ఏదైనా చూడండి’ అంటారు. (అసలు తేడా ఏమీ లేకపోయినా ఇంత, లేదా ఇంతకు మించిన తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశమే పి-విలువ.) వ్యాసం అచ్చయ్యాక చివర కృతజ్ఞతల్లో నా పేరు ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. కూరలో కరివేపాకు బతుకు. ఆ మధ్య ఒక సీనియర్ శాస్త్రవేత్త అందరి ముందూ ‘అసలు సైన్సు మేం చేస్తాం, ఈవిడ లెక్కలు వేసిపెడతారు’ అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వేశాను కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇప్పుడు పీహెచ్‌డీలో చేరాలనుకుంటున్నాను. పూర్తిగా సిద్ధాంతం వైపు వెళ్లిపోతే ఈ అవమానాలు ఉండవని మా ప్రొఫెసర్ గారు సలహా ఇచ్చారు. ఇతర శాస్త్రాలకు సాయపడటమంటే జీవితాంతం ఇంకొకరి ఇంట్లో పనిచేయడమేనా?
— పేరు ప్రచురించవద్దన్న పాఠకురాలు

సమాధానం:

నలుగురితో పాటు మీరూ నవ్వేశారే, ఆ నవ్వు నాకు బాగా తెలుసు. ముప్పై ఏళ్లుగా ఇదే వృత్తిలో ఉన్నవాణ్ణి, నేనూ చాలాసార్లు అలా నవ్వాను. అయితే మీ ఉత్తరం చదువుతుండగా నేను ఆగింది ఆ సంఘటన దగ్గర కాదు. అంతకు ముందు మీరు మామూలుగా రాసేసిన ‘ప్రయోగమంతా పూర్తయ్యాక’ అన్న మాట దగ్గర. మీ బాధలో ముప్పాతిక వంతు అందులోనే ఉందని నా అనుమానం.

1938లో కలకత్తాలో తొలి భారత గణాంకశాస్త్ర మహాసభ జరిగింది. అధ్యక్షోపన్యాసం బ్రిటిష్ గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్‌ది. ప్రయోగం ముగిశాక గణాంకవేత్తను సంప్రదించడమంటే చాలాసార్లు శవపరీక్ష చేయమని అడగడమేననీ, ప్రయోగం ఏ జబ్బుతో పోయిందో మాత్రం అతను చెప్పగలడేమోననీ ఆయన అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమని మనవాళ్లు ఎప్పుడో అన్నదే. మీ బల్ల మీదికి వస్తున్నవి చాలావరకు శవాలు. శవపరీక్ష చేసే వైద్యుణ్ణి చూపించి ‘ఈయన ఒక్కణ్ణీ బతికించడు’ అని నవ్వితే ఎలా ఉంటుందో, మీ సీనియర్ గారి మాట అలా ఉంది.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. అందులో తప్పు నాది కూడా.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పరిశోధక విద్యార్థిని మొక్కల మీద చేసిన ప్రయోగం ఫలితాలు తెచ్చింది. గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే మొక్క ఎంత ఎక్కువ ఎదుగుతుందన్నది ప్రశ్న. వెలుతురు, వేడి, తేమ అదుపులో ఉంచే గదులు రెండు. ఒకదానిలో మామూలు గాలి, రెండోదానిలో ఆ వాయువు పెంచిన గాలి. గదికి 40 కుండీలు. కొలతలన్నీ ఎంతో శ్రద్ధగా రాసుకుంది, పట్టికలో ఒక్క గడి ఖాళీ లేదు. ‘మొత్తం 80 మొక్కలు, రెండు గుంపులు, టి-పరీక్ష చేసిపెట్టండి’ అంది. రెండు గుంపుల సగటుల మధ్య తేడాను తూచే పరీక్ష అది. చేస్తే పి-విలువలో చుక్క తర్వాత సున్నాలే సున్నాలు.

చిక్కు ఎక్కడుందంటే, ఆ అమ్మాయి వాయువు పెంచింది మొక్కకు కాదు, గదికి. రెండో గదిలో దీపాలు కాస్త కొత్తవై ఉండవచ్చు. ఫ్యాను కొంచెం గట్టిగా తిరుగుతుండవచ్చు. వేడి అర డిగ్రీ తేడాగా ఉండవచ్చు. ఏది ఉన్నా ఆ గదిలోని 40 మొక్కలకూ ఒక్కసారే తగులుతుంది. కాబట్టి ఆ ప్రయోగంలో ఉన్నవి గదులు రెండే, వైపుకు ఒకటి. రెండు గదులను పక్కపక్కన పెట్టి, తేడా వాయువు వల్ల వచ్చిందా గది వల్ల వచ్చిందా అంటే ఎవరూ చెప్పలేరు. కుండీలు 40కి బదులు 400 పెట్టినా చెప్పలేరు. పర్యావరణ శాస్త్రవేత్త స్టువర్ట్ హర్ల్‌బర్ట్ 1984లో ఇలాంటి ప్రయోగాలనే లెక్కతీసి ఈ తప్పుకు ఒక పేరు పెట్టారు. తెలుగులో దాన్ని ‘దొంగ పునరావృత్తి’ అనుకోవచ్చు.

ఆ రోజు నేను గైడు ఎదుటే ‘ఇందులో ఏమీ లేదు, ఏడాదిన్నర వృథా’ అనేశాను. ఆ అమ్మాయి మళ్లీ నా గది వైపు రాలేదు. నా మాట కఠినమైనదే అయినా నిజమేనని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. తర్వాత తెలిసింది, అది నిజం కూడా కాదని. ఆ 80 కొలతల్లో ఒక విలువైన సంగతి దాగి ఉంది: ఒకే గదిలో మొక్కకూ మొక్కకూ మధ్య తేడా ఎంత? అది తెలిస్తే గదికి ఎన్ని కుండీలు పెడితే సరిపోతుందో లెక్క తేలుతుంది. 40 అవసరం ఉండకపోవచ్చు. మిగిలిన శ్రమను విడతల మీద పెట్టవచ్చు. అవే రెండు గదులతో ఆరు విడతలు నడిపి, ఏ మూడు విడతల్లో ఏ గదికి వాయువు పెంచాలో చీటీలు తీసి తేల్చుకుంటే, చివరికి ఆరు నిజమైన జతలు చేతికొస్తాయి. గది గుణం ఒకసారి ఇటు, ఒకసారి అటు పడి లెక్కలోంచి తప్పుకుంటుంది. పాత ఏడాదిన్నర పని కొత్త ప్రయోగానికి పునాది అయ్యేది. నాకు ఆ మాట చెప్పడం చేతకాలేదు. అది మొక్కల శాస్త్రమా, గణాంకశాస్త్రమా అని నన్నడిగితే గీత ఎక్కడ గీయాలో ఇప్పటికీ నాకు తెలియదు.

మరి గణాంకవేత్తను ముందే పిలిస్తే ఏం జరుగుతుంది? క్షయ వ్యాధి మందు కథ చూడండి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో బ్రిటన్‌కు స్ట్రెప్టోమైసిన్ చాలా కొద్దిగా దొరికింది. ఎవరికివ్వాలి? వైద్యుల ఇష్టానికి వదిలితే కోలుకునేలా ఉన్న రోగికి ఒకరు ఇస్తారు, ఆశ వదులుకున్న రోగికి మరొకరు ఇస్తారు. ఆ తర్వాత బతికినవారిని లెక్కపెడితే, అందులో మందు పనితనమెంతో వైద్యుడి ఎంపిక ఎంతో విడదీయలేం. గణాంకవేత్త ఆస్టిన్ బ్రాడ్‌ఫర్డ్ హిల్ ఆ ఎంపికను మనుషుల చేతుల్లోంచి తప్పించి యాదృచ్ఛిక సంఖ్యలకూ, మూసిన కవర్లకూ అప్పగించారు. (హిల్ వైద్యుడు కావాలనుకున్న మనిషి, మొదటి ప్రపంచ యుద్ధకాలంలో తనకే క్షయ సోకడంతో ఆ దారి మూసుకుపోయింది.) ఎక్స్-రేలు చదివేవారికి ఏ చిత్రం ఏ గుంపు రోగిదో చెప్పలేదు. ఫలితాలు 1948లో వెలువడ్డాయి. ఆరు నెలల్లో మందు తీసుకున్న 55 మందిలో నలుగురు, పడక విశ్రాంతి మాత్రమే ఇచ్చిన 52 మందిలో 14 మంది చనిపోయారు. కొందరి ఒంట్లో సూక్ష్మక్రిమి ఆ మందుకు లొంగకుండా తయారవుతోందని కూడా అదే అధ్యయనంలో బయటపడింది. ఒంటరి మందుతో సరిపెట్టకుండా మందులు కలిపి ఇవ్వాలన్న ఆలోచనకు అది బలమిచ్చింది.

55లో నాలుగు, 52లో పద్నాలుగు. వీటిని పోల్చడానికి బడిపిల్లల లెక్క చాలు. కష్టమైన పనంతా కవర్లు మూసేనాటికే అయిపోయింది. మీ సీనియర్ గారు ‘లెక్కలు’ అంటున్నది చివరి పావుగంట పనిని. అంతకు ముందు జరగాల్సిన పని మీ సంస్థలో ఎవరూ మిమ్మల్ని అడగడం లేదు. నాకు కనిపిస్తున్న అసలు లోపం ఇది. అవమానం దాని నీడ.

ఇక ‘ఇంకొకరి ఇల్లు’ మాటకు వస్తాను. ఆ ఇంటి పత్రాలు ఎవరి పేరున ఉన్నాయో ఒకసారి తిరగేద్దాం. మీరు రోజూ వాడే టి-పరీక్ష పుట్టింది డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో. విలియం గాసెట్ అక్కడ ఉద్యోగి. ఆయన పరీక్షలకు నాలుగైదు కొలతలకు మించి దొరికేవి కావు, అప్పటి సిద్ధాంతమేమో పెద్ద నమూనాల కోసం తయారైనది. ఆ ఇబ్బందిలోంచి 1908లో ‘స్టూడెంట్’ అన్న మారుపేరుతో ఆ వ్యాసం వచ్చింది. కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే విస్తృతికి మనం వాడే ‘వేరియన్స్’ అన్న ఇంగ్లిష్ మాటను ఈ అర్థంలో స్థిరపరచింది ఫిషర్ 1918 వ్యాసం. అది వంశపారంపర్యం మీద రాసినది. చీటీలు తీసి మళ్లకు ఎరువులు కేటాయించే పద్ధతిని ఆయన ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రం పొలాల మధ్య పనిచేస్తూ తీర్చిదిద్దారు. ఒక మడి సారం పక్క మడికి ఉండదన్న రైతుకు తెలిసిన సంగతే దానికి మూలం. నాలుగు చోట్ల కొలిచి మధ్యలో కొలవని చోటు విలువను అంచనా వేసే పద్ధతికి దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పనిచేసిన డానీ క్రీగ్ పేరు పెట్టారు. ఇవాళ నేలల మ్యాపులు గీసేవారూ అదే వాడతారు. మీ దగ్గరికి వచ్చే నేలల శాస్త్రవేత్తను అడిగి చూడండి, ఆ పేరు ఆయనకు మీకంటే బాగా తెలిసి ఉంటుంది.

వీటన్నిటిలో నాకు ఇష్టమైనది కప్లాన్, మైయర్‌ల కథ. ఎడ్వర్డ్ కప్లాన్ బెల్ ప్రయోగశాలలో సముద్రం అడుగున వేసే టెలిఫోన్ కేబుల్‌లోని వాక్యూమ్ ట్యూబులు ఎంతకాలం మన్నుతాయో అంచనా వేస్తున్నారు. పాల్ మైయర్ శస్త్రచికిత్స తర్వాత కాన్సర్ రోగులు ఎంతకాలం బతుకుతారన్న ప్రశ్న మీద ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే ఇద్దరూ దాదాపు ఒకే వ్యాసం రాసి ఒకే పత్రికకు పంపారు. ఇద్దరూ కలిసి ఒక్క వ్యాసం చేయండని సంపాదకుడు కోరారు. ఉత్తరాలతోనే ఏళ్లు గడిచాక 1958లో అది అచ్చయింది.

ఇద్దరికీ ఎదురైన చిక్కు ఒకటే. పది మంది రోగులు ఉన్నారనుకోండి. మూడో నెలలో ఒకరు చనిపోయారు. ఐదో నెలలో ఇద్దరు వేరే ఊరికి వెళ్లిపోయారు, మళ్లీ వార్త లేదు. ఎనిమిదో నెలలో ఇంకొకరు చనిపోయారు. ఎనిమిది నెలలు దాటి బతికే అవకాశం ఎంత? వెళ్లిపోయిన ఇద్దరినీ బతికే ఉన్నారనుకుంటే నూటికి 80. చనిపోయారనుకుంటే 60. అసలు వాళ్లు లేనే లేరని కొట్టేస్తే, ఎనిమిది మందిలో ఆరుగురు, 75. మూడూ తప్పే. ఆ ఇద్దరి గురించి మనకు ఒక నిజం తెలుసు: ఐదు నెలల పాటు వాళ్లు బతికే ఉన్నారు. ఆ నిజాన్ని పారేయకూడదు, దానికి లేని నిజాన్ని చేర్చకూడదు. అందుకని దారిని ముక్కలు చేస్తారు. మూడో నెల గడప దగ్గర పది మంది ఉంటే తొమ్మిది మంది దాటారు, 9/10. ఎనిమిదో నెల గడప దగ్గర ఏడుగురే మిగిలి ఉంటే ఆరుగురు దాటారు, 6/7. రెండూ గుణిస్తే సుమారు 0.77. ఐదో నెలలో వెళ్లిపోయినవారు మొదటి గడప లెక్కలో ఉన్నారు, రెండో గడప లెక్కలో లేరు. ఎవరికి ఎంత తెలుసో అంతే చెప్పించారు. (వెళ్లిపోవడానికీ జబ్బు ముదరడానికీ సంబంధం లేనప్పుడే ఈ లెక్క నిలబడుతుంది. అది ఉందో లేదో మీకు చెప్పగలిగేది వైద్యుడే.)

ట్యూబు కాలిపోవడం, మనిషి కన్నుమూయడం, ఈ రెంటినీ ఒకే వాక్యంలో చెప్పడానికి మనసొప్పదు. గణితానికి ఆ పట్టింపు లేదు. ఒక శాస్త్రంలో తేలిన సంగతిని, అందులోని మనుషులు ఎన్నడూ కలవని ఇంకో శాస్త్రానికి మోసుకెళ్లడం గణాంకశాస్త్రం చేసే సాయం. మీ సంస్థలో వైద్యుడు, నేలల శాస్త్రవేత్త ఒకరి గది గడప ఒకరు తొక్కరు. ఇద్దరి ఫైళ్లూ చూసేది మీరొక్కరే.

మన తెలుగువారికి దగ్గరి ఉదాహరణ సి.ఆర్. రావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, మహలనోబిస్ స్థాపించిన భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరారు. 1945లో, పాతికేళ్ల వయసులో, ఒక పక్కకు మొగ్గని ఏ అంచనాకైనా కచ్చితత్వానికి దాటలేని ఒక హద్దు ఉంటుందని నిరూపించారు. దానికి దారి తీసింది ఆయన పాఠం చెబుతున్నప్పుడు ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న. ఇంతకంటే స్వచ్ఛమైన సిద్ధాంతం ఏముంటుంది? ఆ మరుసటి ఏడాది ఆయన ఎక్కడికి వెళ్లారో తెలుసా? కేంబ్రిడ్జి మ్యూజియానికి, సుడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్విన ప్రాచీన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడానికి. అక్కడి పురాతన జనం ఎవరికి దగ్గరివారు, ఎవరికి దూరం అన్నది మానవశాస్త్రవేత్తల ప్రశ్న. దాన్ని తేల్చడానికి కావలసిన పనిముట్టు మహలనోబిస్ దూరం, అంటే అనేక కొలతలను కలిపి చూసి రెండు గుంపులు ఎంత వేరో చెప్పే లెక్క. అది కూడా కలకత్తాలో మనుషుల ఒంటి కొలతలు విశ్లేషిస్తూ ఉండగా రూపుదిద్దుకున్న భావనే. ఆ ఎముకల మధ్య పనిచేస్తూనే ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ పూర్తి చేశారు. 2023లో, 102 ఏళ్ల వయసులో, గణాంకశాస్త్ర అంతర్జాతీయ పురస్కారం అందుకున్నారు. ఆయన సిద్ధాంతకర్తా, ఇతరుల ఇంట్లో పనిచేసినవారా? మీ ప్రొఫెసర్ గారిని ఒకసారి మర్యాదగా అడగండి.

ఇప్పుడు మీ రోజువారీ తలనొప్పి, ‘0.05 కంటే తక్కువ వచ్చే పరీక్ష చూడండి’ అన్న మాట. ఇది వినగానే కోపం వస్తుంది. ఆ కోపాన్ని కాసేపు జేబులో పెట్టుకోండి. అడిగేవాడు మోసగాడని అనుకోవడం తేలిక, చాలాసార్లు అది అన్యాయం కూడా. పత్రికలు ఆ అంకెను అడుగుతాయి, గైడు అడుగుతాడు, కమిటీ అడుగుతుంది. ఆ అంకె ఏమి చెప్పదో అతనికి ఎవరూ చెప్పలేదు. అమెరికన్ గణాంకశాస్త్ర సంఘం 2016లో పి-విలువల మీద ఒక ప్రకటన చేసింది. పరికల్పన నిజమయ్యే అవకాశం ఎంతో పి-విలువ చెప్పదనీ, ఫలితం ఎంత పెద్దదో, ఎంత ముఖ్యమైనదో కూడా చెప్పదనీ అందులో స్పష్టంగా ఉంది. అచ్చు తీసి సొరుగులో ఉంచుకోండి. మీరు చెబితే ‘ఈవిడ చాదస్తం’ అనే మనిషి, సంఘం చెబితే ఆగి వింటాడు.

అంతకంటే బాగా పనిచేసేది చేప కథ. మెదడు స్కానును వేల చిన్న గళ్లుగా విడగొట్టి ఒక్కో గడికీ ఒక్కో పరీక్ష చేస్తారు. 2009లో క్రెయిగ్ బెన్నెట్, ఆయన సహచరులు ఒక సాల్మన్ చేపను స్కానర్‌లో పెట్టి మనుషుల ఫొటోలు చూపించారు. ఫొటోలోని మనిషికి ఎలాంటి భావోద్వేగం కలుగుతోందో ఊహించమని చేపను అడిగారు. చేప చచ్చిపోయి ఉంది. అయినా మామూలు హద్దుతో విశ్లేషిస్తే దాని మెదడులో కొన్ని గళ్లు ‘స్పందించాయి’. ఇన్ని పరీక్షలు ఒకేసారి చేశామన్న సంగతి లెక్కలోకి తీసుకోగానే ఆ గళ్లు ఆరిపోయాయి. ఇది చెబితే గది మొత్తం నవ్వుతుంది, ఎవరినీ చిన్నబుచ్చకుండానే విషయం ఎక్కుతుంది. నవ్వు ఆగాక ఒక అంకె చెప్పండి: ఏ తేడా లేని చోట ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పరీక్షలు చేస్తే, కనీసం ఒక్కదానికైనా 0.05 కంటే తక్కువ వచ్చే అవకాశం నూటికి 64.

జన్యువుల మీద పనిచేసేవారికైతే ఈ చిక్కు ఇంకా పెద్దది. 20,000 జన్యువుల్లో దేనికీ జబ్బుతో సంబంధం లేకపోయినా ఆ 0.05 హద్దుతో సుమారు వెయ్యి జన్యువులు ‘దొరుకుతాయి’. ఒక్క తప్పు కూడా రాకూడదని పట్టుబడితే నిజమైనవి కూడా జారిపోతాయి. గణాంకవేత్తలు యోవ్ బెంజమిని, యోసెఫ్ హోక్‌బెర్గ్ 1995లో బేరాన్ని మార్చారు: దొరికాయని మనం ప్రకటించే జాబితాలో తప్పుల వాటా సగటున ఇంతకు మించకుండా చూద్దామన్నారు. కొన్నాళ్లకే వేల జన్యువులను ఒకేసారి కొలిచే చిప్పులు ప్రయోగశాలలకు వచ్చాయి. వాటి నుంచి కుప్పలుగా వచ్చిన సంఖ్యల్లో దేన్ని నమ్మాలో తేల్చే పద్ధతి అప్పటికే సిద్ధంగా ఉంది. కణ భౌతికశాస్త్రం వాళ్ల జాగ్రత్త వేరు. 2012లో హిగ్స్ కణాన్ని ప్రకటించడానికి వాళ్లు పెట్టుకున్న హద్దు, కణమే లేకపోతే అంతటి సంకేతం కేవలం యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం 35 లక్షల్లో ఒకటి. అప్పట్లో చాలా పత్రికలు దీన్ని ‘కణం లేకపోయే అవకాశం’ అని తిప్పి రాశాయి. ఆ రెండు వాక్యాల మధ్య తేడా ఒక్క నిమిషంలో చెప్పగలిగితే మీ జీతం మీరు సంపాదించుకున్నట్టే.

ఆ ఫైలు తెచ్చిన మనిషికి మాత్రం ఏం చెప్పాలి? ‘మీరు ప్రయోగం మొదలుపెట్టకముందు ఏ పోలిక చేద్దామనుకున్నారు?’ అని అడగండి. తర్వాత, ‘తేడా కనీసం ఎంత ఉంటే మీ పనిలో ఏదైనా మారుతుంది?’ అని. ఈ రెండో ప్రశ్నకు చాలామంది దగ్గర సమాధానం ఉండదు, మొదటిసారి ఆలోచిస్తారు. సంభాషణ లెక్కల నుంచి సైన్సుకు మళ్లేది అక్కడే. తేడా ఎంతో, ఎంత నుంచి ఎంత దాకా ఉండవచ్చో రాసివ్వండి. పది పరీక్షలు చేస్తే పదీ చేశామని వ్యాసంలో రాయాలని ముందే చెప్పండి. ఒప్పుకోకపోతే మీ పేరు వద్దనండి. కృతజ్ఞతల్లో కూడా వద్దనండి. ఈ ఒక్క విషయంలో మెత్తబడవద్దు.

పేరు ప్రసక్తి వచ్చింది కనుక: వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమాల ప్రకారం ప్రయోగ రూపకల్పనకు గానీ, దత్తాంశ విశ్లేషణకు గానీ, దాని వివరణకు గానీ చెప్పుకోదగ్గ కృషి చేసి, రాతలో పాలుపంచుకొని, తుది ప్రతిని ఆమోదించి, పనికి బాధ్యత వహించే వ్యక్తి రచయిత. టి-పరీక్ష ఒకటి చేసిపెట్టినందుకు రచయితనని మీరు కూడా అనుకోవద్దు. రూపకల్పన నుంచి ఉన్నప్పుడు మాత్రం రాతలోనూ పాలు పంచుకుంటానని, నా పేరు ఉండాలని మొదటి సమావేశంలోనే చెప్పండి, ఈమెయిల్లో రాసిపెట్టండి. మొదట్లో నోరు కట్టేసుకొని చివర్లో కన్నీళ్లు పెట్టుకోవడం మనవాళ్లలో మామూలు. నేనూ చేశాను, లాభం లేదు.

పీహెచ్‌డీ సంగతి. సిద్ధాంతం మీద మక్కువతో వెళ్తే నిశ్చింతగా వెళ్లండి. నవ్వే మనుషుల్ని తప్పించుకోవడానికి మాత్రం వద్దు. ‘ఇది ఎక్కడ పనికొస్తుంది’ అని నవ్వేవాళ్లు అక్కడా ఉంటారు. రెండు పడవల మీద కాళ్లు పెట్టకూడదంటారు కానీ మన వృత్తికి ఆ సామెత సరిపడదు. గణాంకశాస్త్రంలో ఒక గైడు, మీకు ఇష్టమైన ఇంకో శాస్త్రంలో ఒక గైడు ఉండే చోటు వెతకండి. ఆ రెండో గైడును ఎంచుకొనేటప్పుడు ఆయన ఎన్ని వ్యాసాలు రాశారో చూడవద్దు. ఆయన దగ్గర పనిచేసిన గణాంకవేత్త ఎవరైనా ఉంటే వెతికి మాట్లాడండి. ప్రయోగం మొదలుకాకముందు మిమ్మల్ని పిలిచేవారా అని అడగండి. జవాబుకు ముందు ఆ మనిషి కాసేపు ఆగితే ఇంకో చోటు చూసుకోవడం మంచిది.

మీ సంస్థ మారుతుందని నేను హామీ ఇవ్వలేను. కొన్ని చోట్లు మారవు. కానీ వచ్చే ఫైళ్లలో ఒక్కదాన్ని ఎంచుకోండి, మనిషి మంచివాడై ఉంటే చాలు. ‘ఫైలు ఉంచండి, నేనే మీ ప్రయోగశాలకు వస్తాను’ అనండి. వెళ్లి తూనిక యంత్రం ఎక్కడుందో, నమూనాలు ఎవరు ఏ వరుసలో తీస్తారో చూడండి. కంప్యూటర్‌లోకి ఎక్కించకముందు కొలతలు రాసుకున్న నోటుపుస్తకం చూపించమని అడగండి. అందులో అక్కడక్కడా కొట్టేసిన అంకెలు ఉంటాయి. ముందు వాటి గురించి అడగండి.